విరిగిన ముక్కను పారేయకండి: పాత ఏసీ నీటి పైపుల సంగతి

(చెన్నైలో మంచినీటి లైన్ల మీద పనిచేసే తెలుగు ఫిట్టర్లు, కాంట్రాక్టర్లు, అపార్ట్‌మెంట్ సంఘాల బాధ్యుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ముందుగా పేరు సంగతి. ఏసీ పైపు అనగానే ఈ మధ్య పనిలోకి వచ్చిన కుర్రాళ్ళు చల్లగాలి మెషిన్‌కు వేసే రాగి గొట్టం అనుకుంటున్నారు. మనం మాట్లాడుకునేది ఆస్బెస్టాస్ సిమెంట్ పైపు గురించి. ఆస్బెస్టాస్‌కు తెలుగులో రాతినార అని చక్కటి పేరుంది. అది రాయే, కానీ గోగునారలా పీచులు పీచులుగా విడిపోతుంది. కడప జిల్లా పులివెందుల చుట్టుపక్కల దాని గనులు ఉండేవి, ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళకు తెలిసే ఉంటుంది. ఇంటి కప్పు మీద సిమెంటు రేకు, నేలలో ఈ పైపు, రెండూ ఒకే సరుకు.

దీన్ని ఎలా తయారుచేస్తారో తెలిస్తే ఎలా పాడవుతుందో సగం తెలిసినట్టే. సిమెంటు, రాతినార, నీళ్ళు కలిపి జావలా చేసి, ఆ జావను పల్చటి పొరగా తీసి, తిరిగే ఉక్కు రోలర్ మీద పొర మీద పొర చుట్టుకుంటూ గట్టిగా ఒత్తుతారు. ఇటలీలో 1910లలో ఈ పద్ధతి వచ్చింది. రాతినార పాలు సాధారణంగా పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ఉంటుంది, మిగిలినదంతా చాలావరకు సిమెంటే. సిమెంటు నొక్కుడుకు గట్టిది, లాగుడుకు బలహీనం. ఆ లాగుడును రాతినార పట్టుకుంటుంది. ఇనుములా తుప్పు పట్టదు, తేలిక, చవక, లోపల నున్నగా ఉండి నీళ్ళు సులువుగా సాగుతాయి. అందుకే ఒక కాలంలో పంచాయతీల నుంచి పెద్ద పథకాల దాకా దీన్నే పరిచారు. అప్పుడు వేసినవాళ్ళు తెలివితక్కువగా వేశారని నేను అనను. వేశాక దాన్ని చూడటం మానేశాం. తప్పు అక్కడ జరిగింది.

చెన్నై విషయం కొంచెం వేరు. 2011లో నగరపాలక సంస్థ 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కి పెరిగింది, 42 స్థానిక సంస్థలు వచ్చి కలిశాయి. పాత మునిసిపాలిటీలు, పంచాయతీలు ఎవరి లైను వాళ్ళే వేసుకున్నారు, ఎవరి కాగితాలు వాళ్ళవే. అందుచేత శివార్లలో గొయ్యి తవ్వితే పోత ఇనుము తగులుతుందా, పీవీసీయా, ఏసీయా అన్నది తవ్వేదాకా తెలియని చోట్లు ఉంటాయి. లోహాన్ని పట్టే యంత్రం తెచ్చినా ఏసీ పైపు దానికి కనపడదు. వాల్వు, బెండు, టీ ఇవి పోత ఇనుమువి కాబట్టి అవి మాత్రం పలుకుతాయి. రెండు వాల్వుల మధ్య గీత గీసి ఇక్కడే ఉంటుందని అనుకోవడమే. మధ్యలో పైపు ఎటైనా వంగి ఉంటే జేసీబీ పన్ను నేరుగా దాని మీదే పడుతుంది.

ఇక అసలు సంగతి. నలభై ఏళ్ళ పైపు కాబట్టి పోయినట్టే అనేవాళ్ళున్నారు, నిన్నటిదాకా బాగానే నడిచింది కాబట్టి ఇంకో ఇరవై ఏళ్ళు నడుస్తుందనేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి దగ్గరా కొలత లేదు. ఏసీ పైపు వయసు ఏళ్ళలో లెక్క కాదు, గోడలో ఇంకా గట్టిగా మిగిలిన మిల్లీమీటర్లలో లెక్క. ఒకే రోజున వేసిన రెండు వీధుల లైన్లలో ఒకటి మెత్తబడి, ఒకటి కొత్తదానిలా ఉండొచ్చు. ఆ కొలత మనకు ఉచితంగా దొరికేది పైపు విరిగిన రోజునే. ఆ రోజు మనం ఏం చేస్తున్నాం? ముక్క తీసి గట్టున పారేసి, క్లాంపు (పగులు చుట్టూ బిగించే పట్టీ) వేసి, మట్టి కప్పి వెళ్ళిపోతున్నాం.

పైపు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. గట్టిపడ్డ సిమెంటులో విడి సున్నం ఉంటుంది. మెత్తటి నీళ్ళు, అంటే సున్నం తక్కువున్న నీళ్ళు, పైపు గోడ నుంచి ఆ సున్నాన్ని కరిగించి పట్టుకుపోతాయి. మొదట విడి సున్నం పోతుంది. తర్వాత సిమెంటుకు పట్టునిచ్చే పదార్థంలోని కాల్షియం కూడా వదులుతుంది. మిగిలేది రాతినార, మెత్తటి బూడిద రంగు పిప్పి. స్క్రూడ్రైవర్ మొనతో గీకితే తడిసిన అట్టలా లేచి వస్తుంది. బయటినుంచి చూస్తే మాత్రం పైపు నిండుగా అదే లావున ఉంటుంది. ఇనుప పైపు తుప్పుపట్టి తన రోగం పైకి చూపిస్తుంది, ఈ పైపు చూపించదు.

నీళ్ళు ఎంత తినేస్తాయో చెప్పే చిన్న లెక్క ఒకటుంది, దూకుడు సూచిక అనుకోండి. నీళ్ళ పీహెచ్ తీసుకోండి. ఆల్కలినిటీని, అంటే నీళ్ళు ఆమ్లాన్ని ఎంత తట్టుకుంటాయో చెప్పే కొలతను, కాల్షియం కాఠిన్యంతో గుణించండి, రెండూ లీటరుకు మిల్లీగ్రాముల్లో, కాల్షియం కార్బొనేట్ లెక్కలో ఉండాలి. ఆ గుణకారానికి పది ఆధారంగా లాగరిథం తీసి పీహెచ్‌కు కలపండి. 12, ఆపైన వస్తే భయం లేదు. 10కి, 12కి మధ్య అయితే మెల్లగా తింటుంది. 10 లోపు అయితే గట్టిగా తింటుంది. ఉదాహరణకు పీహెచ్ 7.8, ఆల్కలినిటీ 150, కాల్షియం కాఠిన్యం 120 అనుకుందాం. గుణిస్తే 18,000, లాగ్ 4.26, మొత్తం 12.06. పర్వాలేదు. అదే పీహెచ్ 7.0, ఆల్కలినిటీ 20, కాఠిన్యం 15 అయితే గుణకారం 300, లాగ్ 2.48, మొత్తం 9.48. ఈ నీళ్ళు ఏసీ పైపులో ఏళ్ళ తరబడి పారితే గోడ నిలవదు. మూడు పరీక్షలూ ఏ నీటి ప్రయోగశాలలోనైనా చేస్తారు, వాటికి పెద్ద ఖర్చు కాదు.

చెన్నైకి ఈ లెక్క ఎందుకంటే, ఇక్కడ నీళ్ళు ఒక్క చోటి నుంచి రావు. పూండి, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులున్నాయి. 1996 నుంచి కండలేరు మీదుగా మన కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. వీరాణం చెరువు ఉంది. 2010లో మీంజూరు, 2013లో నెమ్మేలి సముద్రపు నీటి శుద్ధి కేంద్రాలు మొదలయ్యాయి. సముద్రపు నీటిని పొరలోంచి తోసి ఉప్పు తీసేసినప్పుడు సున్నం కూడా పోతుంది. ఆ నీళ్ళను అలాగే వదిలితే సిమెంటు సరుకు దేన్నైనా తింటాయి. అందుకే బయటికి పంపేముందు మళ్ళీ సున్నం కలిపి పీహెచ్ సరిచేస్తారు. ఆ సవరణ రోజూ సక్రమంగా జరగాలి. అది నీటి రుచికి సంబంధించిన విషయమే కాదు, నేలలో ఉన్న సిమెంటు పైపుల ఆయుష్షు కూడా. ఒకే వీధి లైను ఒక ఏడు చెరువు నీళ్ళు, ఒక ఏడు సముద్రపు నీళ్ళు, ఇంకో ఏడు కలగలుపు నీళ్ళు చూసి ఉండొచ్చు. కాబట్టి ఇవాళ్టి ఒక్క నమూనా చూసి నలభై ఏళ్ళ కథ చెప్పేయకండి.

లోపలినుంచి ఇలా అవుతుండగా బయటినుంచి నేల పని నేల చేస్తుంది. సముద్రం దగ్గరి ఉప్పు భూగర్భజలం, సల్ఫేట్లు ఉన్న బంకమట్టి, చిత్తడి నేలల పుల్లటి మట్టి, పక్కనే కారే మురుగు గొట్టం, వీటిలో ఏది ఉన్నా పైపు పైచర్మం పాడవుతుంది. సల్ఫేటు తీరు వేరు. అది సిమెంటులోని అల్యూమినియం పదార్థంతో కలిసి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు పైపు పొరలు పొరలుగా విడుతుంది. పొరలు చుట్టి చేసిన పైపు కదా, ఉల్లిపాయలా లేస్తుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, పరీక్ష దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు బలం లెక్క. కొలతలు చెప్తాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి.

మన ప్రమాణం ఐఎస్ 1592లో ఏసీ ప్రెషర్ పైపులకు 5, 10, 15, 20, 25 అని క్లాసులున్నాయి. క్లాసు 10 అంటే చదరపు సెంటీమీటరుకు 10 కిలోల దగ్గర ఫ్యాక్టరీలో పరీక్షించిన పైపు అని. అది పనిచేసే ఒత్తిడి కాదు! పంపు తోసే లైన్లో అందులో సగం, అంటే 5 కిలోలు, సుమారు 50 మీటర్ల నీటి ఎత్తు మాత్రమే వాడాలి. వాలుకు పారే లైన్లో మూడింట రెండు వంతులు. క్లాసు 10 చూసి 100 మీటర్లు తట్టుకుంటుందని పంపు మార్చేస్తే పైపు మొదటి రోజు నుంచే బరువుకు మించి మోస్తుంది.

లెక్క సులువుగా ఉండేలా 150 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 12 మిల్లీమీటర్ల గోడ తీసుకుందాం. గోడలో లాగుడు ఎంతో తెలియాలంటే ఒత్తిడిని వ్యాసంతో గుణించి, గోడ మందానికి రెట్టింపుతో భాగించాలి. 5 కిలోలంటే దాదాపు అర మెగాపాస్కల్. 0.5ను 150తో గుణించి 24తో భాగిస్తే 3.1 మెగాపాస్కల్. కొత్త ఏసీ గోడ సుమారు 20 మెగాపాస్కల్ దాకా లాగుడు ఓర్చుకుంటుంది. హాయిగా ఉంది కదా. ఇప్పుడు గోడలో 8 మిల్లీమీటర్లు మెత్తబడి 4 మాత్రమే గట్టిగా మిగిలిందనుకోండి. అదే ఒత్తిడికి లాగుడు 9.4 అవుతుంది. అయినా పైపు నిలబడే ఉంటుంది, లీకు లేదు, ఎవరికీ అనుమానం రాదు. ఒక రోజు కరెంటు పోతుంది. సెకనుకు 0.6 మీటర్ల వేగంతో వెళ్తున్న నీళ్ళు ఉన్నట్టుండి ఆగుతాయి. ఏసీ పైపులో ఒత్తిడి అల సెకనుకు సుమారు వెయ్యి మీటర్ల వేగంతో పరిగెడుతుంది, కాబట్టి ఆ ఆగడం వల్ల ఇంకో 6 కిలోల దెబ్బ తగులుతుంది. 5కు 6 కలిస్తే 11. మళ్ళీ లెక్కేయండి, 20.6 వస్తుంది. పైపు నిలువునా చీలుతుంది. మర్నాడు కరెంటు పోవడం వల్ల పగిలిందని రిజిస్టర్లో రాస్తారు. కరెంటు అంతకుముందు వెయ్యిసార్లు పోయి ఉంటుంది, అప్పుడు గోడ ఉంది కాబట్టి పగల్లేదు.

అయితే చెన్నై వీధి లైన్లలో ఇంత ఒత్తిడి ఎక్కడుంది, చాలాచోట్ల చేతిపంపు కొట్టుకుంటే గానీ నీళ్ళు రావు కదా అని మీరు అడగాలి. నిజమే. వీధి లైన్లు ఒత్తిడికి కాదు, వంపుకు విరుగుతాయి. 80, 100, 150 సైజు పైపు సన్నగా, పొడుగ్గా ఉండే దూలం లాంటిది. కింద మట్టి ఒక్కచోట జారినా, ఒక్కచోట రాయి పొడుచుకున్నా పైపు మధ్యలో వంగి అడ్డంగా గుండ్రంగా తెగుతుంది, రంపంతో కోసినట్టు. బంకమట్టి ఎండాకాలంలో ఎండి కుంచించుకుపోతుంది, వానకు ఉబ్బుతుంది. పక్కన మురుగు లైను కారితే మట్టి కొట్టుకుపోతుంది. వాననీటి కాలువ కోసం పక్కన లోతుగా తవ్వితే ఒక వైపు ఆసరా పోతుంది. కేబుల్ వాళ్ళు కింద బోరింగ్ కొడితే బోలు ఏర్పడుతుంది. పైన లారీ తిరిగితే సరే సరి. ఆ వంపుకు ఎదురు నిలిచేది గట్టి గోడే కాబట్టి, మెత్తబడ్డ పైపు చిన్న కదలికకే తెగుతుంది.

అందుకే పగులు ఆకారాన్ని చదవడం నేర్చుకోవాలి. అడ్డంగా తెగితే నేల కదలిక. పైన, కింద నిలువునా చీలితే బయటి బరువు గానీ లోపలి ఒత్తిడి గానీ, ఎక్కువగా పెద్ద సైజుల్లో. ఒక్కచోట చిల్లు పడితే అక్కడ రాయి గుచ్చుకుందో, గోడ మెత్తబడిందో చూడాలి. కప్లింగు (రెండు పైపులను కలిపే తొడుగు) దగ్గర పైపు కొస పెచ్చు లేస్తే రెండు కొసలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయని అర్థం. వేసేటప్పుడు మధ్యలో సందు వదలలేదు, లేదా జాయింటు దగ్గర మితిమీరి వంచారు. ఇంటి కనెక్షన్ దగ్గర పగిలితే శాడిల్ (కనెక్షన్ కోసం పైపు చుట్టూ వేసే పట్టీ) బోల్టు మరీ బిగించారు, లేదా శాడిల్ లేకుండా నేరుగా గోడకే ఫెరూల్ (ఇంటి గొట్టం తగిలించే మర ముక్క) దిగగొట్టారు. ఇనుప పైపుకు చేసినట్టు ఏసీ గోడకు మర పెట్టకండి, అది నాలుగు రోజులు కూడా పట్టుకోదు.

ఇళ్ళల్లో సంపుకు బదులు మోటారును నేరుగా వీధి లైనుకే తగిలించుకునేవాళ్ళ గురించి కూడా చెప్పాలి. అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్ళు ఇక్కడున్నారు కాబట్టి గట్టిగానే చెప్తున్నాను. మోటారు పీల్చినప్పుడు లైన్లో గాలి ఒత్తిడి కంటే తక్కువ ఏర్పడుతుంది. జాయింటులో రబ్బరు రింగు లోపలికి లాగబడుతుంది. ఏ పగులు నుంచి నీళ్ళు బయటికి కారాలో, అదే పగులు నుంచి గోతిలోని మురుగు లోపలికి వస్తుంది. రోజుకు కొన్ని గంటలే నీళ్ళిచ్చే ఊళ్ళో ఈ ప్రమాదం మోటారు లేకపోయినా ఉంటుంది, మోటారుతో అది ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇప్పుడు ముక్క దగ్గరికి వద్దాం. నేను ఎక్కువసేపు మాట్లాడదలచుకున్నది ఇదే.

ముక్క తీసేముందు పైపు పైభాగాన పెయింటుతో గీత గీయండి, నీళ్ళు పారే దిక్కు బాణం వేయండి. తీశాక ఆ గుర్తు ఎవరూ పెట్టలేరు. పైపంతా తడిపి, చేతి రంపంతో 100 నుంచి 150 మిల్లీమీటర్ల వెడల్పు ఉంగరం కోయండి. తడిపే పద్ధతి తర్వాత చెప్తాను. మందపాటి పాలిథిన్ సంచిలో వేసి చీటీ పెట్టండి. అందులో తేదీ, వీధి, దగ్గరి వాల్వు నుంచి దూరం, లోతు, సైజు, పగులు ఆకారం, మట్టి రకం, గోతిలో నీళ్ళు ఊరాయా లేదా, ఇవన్నీ ఉండాలి. పిడికెడు మట్టి కూడా వేరే సంచిలో వేయండి.

పరీక్షకు కావలసింది ఫినాఫ్తలీన్ ద్రావణం, ఆల్కహాల్లో ఒక శాతం. స్కూల్లో ఆమ్లం, క్షారం చూపించడానికి వాడేదే. ఉంగరాన్ని తడిగా ఉంచి, చిన్న అంచు విరిచి కొత్త ముఖం తీయండి. పాత పగులు ముఖం మీద వేస్తే తప్పు చెప్తుంది, గాలి తగిలి అప్పటికే సున్నం మారిపోయి ఉంటుంది. చుక్కలు వేయగానే సున్నం మిగిలిన చోట ముదురు గులాబీ రంగు వస్తుంది, సున్నం పోయిన చోట రంగు రాదు. చాలా పైపుల్లో మధ్యలో గులాబీ పట్టీ, అటూ ఇటూ బూడిద పట్టీలు కనపడతాయి. వెర్నియర్ కొలపరికరంతో మూడు కొలతలు తీయండి, లోపలి బూడిద, గులాబీ, బయటి బూడిద. ఒక్కచోట కాదు, గడియారంలా 12, 3, 6, 9 అంకెల దగ్గర, వీలైతే వాటి మధ్యన కూడా, ఎనిమిది చోట్ల. మీకు కావలసింది సగటు కాదు, అన్నిటికంటే సన్నటి గులాబీ. పైపు విరిగేది అక్కడే.

లెక్క ఇలా సాగుతుంది. 12 మిల్లీమీటర్ల గోడ, 40 ఏళ్ళ వయసు, 6 మిల్లీమీటర్లు పోయింది. ఏడాదికి 0.15. మీ ఒత్తిడికి, లోతుకు 4 మిల్లీమీటర్లు తప్పనిసరి అనుకుంటే మిగిలింది 2. దాన్ని 0.15తో భాగిస్తే 13 ఏళ్ళు. ఇది జాతకం కాదు, ఏ వీధిని ముందు మార్చాలో వరస కట్టుకోవడానికి. ఒక ఉంగరం ఒక పైపుకే సాక్ష్యం. 4 మీటర్ల తర్వాత ఇంకో పైపు, అది వేరే లారీలో వచ్చి ఉండొచ్చు. ఒకే లైన్లో నాలుగైదు ఉంగరాలు చేరితే అప్పుడు నమ్మకంగా మాట్లాడొచ్చు.

ఈ పరీక్షకు ఒక గుడ్డిచోటు ఉంది. ఇందాక సల్ఫేటు గురించి చెప్పాను కదా. ఆ జబ్బులో సున్నం ఉంటుంది కాబట్టి గులాబీ వస్తుంది, కానీ పొరలు విడిపోయి బలం ఉండదు. అందుకని రంగు చూశాక స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, అంచున పొరలు లేస్తున్నాయేమో గోటితో చూడండి. పెద్ద లైనైతే ఉంగరాన్ని నొక్కి విరిచే పరీక్ష ఇంజనీరింగ్ కాలేజీ ప్రయోగశాలలో చేయించండి. పైపు తీయకుండా కొలిచే పద్ధతీ ఉంది. రెండు వాల్వుల మధ్య శబ్దం ఎంత వేగంగా ప్రయాణిస్తుందో చూసి, గోడ ఎంత బిగువుగా ఉందో సగటున లెక్కగడతారు. పొడవాటి లైన్లను జల్లెడ పట్టడానికి మంచిదే, కానీ అది సగటు మాత్రమే చెప్తుంది. పక్కపక్కనే ఒక మంచి పైపు, ఒక చెడ్డ పైపు ఉంటే రెండూ కలిసిపోతాయి.

లీకు వినడం కూడా ఇనుము మీద విన్నట్టు కుదరదు. ఏసీలో శబ్దం త్వరగా చచ్చిపోతుంది. కర్ర పెట్టి దూరపు వాల్వు దగ్గర వింటే ఏమీ వినపడదు, అలాగని లీకు లేదనుకోకండి. దగ్గర దగ్గరగా వినాలి, నీళ్ళు వదిలిన గంటల్లోనే, రోడ్డు సద్దుమణిగాకే.

(సభలోంచి: ఈ పైపుల నీళ్ళు తాగితే కేన్సర్ వస్తుందా?)

సూటిగా చెప్తాను. రాతినార కేన్సర్ తెస్తుందన్నది నిర్ధారణ అయిన విషయం. కానీ ఆ రుజువు ఊపిరితో లోపలికి వెళ్ళిన దుమ్ము గురించి. ఊపిరితిత్తుల పొరకు వచ్చే కేన్సర్ పాతిక, ముప్పై, నలభై ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. నీళ్ళతో మింగిన పీచు గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి ఏదీ పెట్టలేదు, హాని చేస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని. అమెరికా పర్యావరణ సంస్థ మాత్రం లీటరుకు 70 లక్షల పీచుల పరిమితి పెట్టింది, 10 మైక్రోమీటర్లకు మించి పొడవున్నవి. నీళ్ళు మరిగిస్తే పీచు పోదు, ఆర్వో పొర ఆపుతుంది. పగిలిన ఏసీ లైను నీళ్ళు తాగేవాళ్ళకు మొదటి ప్రమాదం రాతినార కాదు, మురుగు. రాతినార వల్ల మొదట పోయేది గోతిలో దిగిన మనిషి. మీలో ఆ పని చేసేవాళ్ళు ఉన్నారు, అందుకే ఇప్పుడు తడిపే సంగతి వివరంగా చెప్తున్నాను.

కటింగ్ మెషిన్ డిస్కు పెట్టి ఏసీ పైపును పొడిగా కోయకండి. ఎన్ని మాటలు మరిచిపోయినా ఇది మరవకండి. ఆ తెల్లటి పొగలో కంటికి కనపడని పీచు ఉంటుంది, గోతిలో గాలి ఆడదు, దిగినవాడు మొత్తం పీలుస్తాడు. వీలైతే కోయనే వద్దు. జాయింటు నుంచి జాయింటు దాకా విప్పి 4 మీటర్ల పైపు మొత్తం తీసేయండి. కోయక తప్పకపోతే చేతి స్ప్రేయర్లో నీళ్ళకు కాస్త సబ్బు కలిపి, కోసే చోటు, చుట్టుపక్కల తడుపుతూ, చేతి రంపంతో గానీ గొలుసు కట్టర్‌తో గానీ కోయండి. సుత్తితో కొట్టి పగలగొట్టకండి. ముఖానికి కట్టుకున్న తువ్వాలు, నీలం రంగు సర్జికల్ మాస్కు ఈ పీచును ఆపవు. పీ100 గానీ ఎఫ్‌ఎఫ్‌పీ3 గానీ, ముఖానికి బిగుతుగా అంటే మాస్కు కావాలి, గడ్డం ఉంటే అది అంటదు. పని అయ్యాక పొడి చీపురుతో ఊడ్చకండి, తడి గుడ్డతో ఎత్తండి. ఆ బట్టలు ఇంటికి తీసుకెళ్ళకండి, దులపకండి. ఇంట్లో బట్టలు దులిపి ఉతికిన ఆడవాళ్ళకు ఈ జబ్బు వచ్చినట్టు చాలా దేశాల్లో నమోదైంది. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు పనిలో చేరిన రోజు నుంచి 40 ఏళ్ళు, లేదా పదవీ విరమణ తర్వాత 15 ఏళ్ళు, ఏది తర్వాత వస్తే అంతవరకు ఉంచాలంది. రోజు కూలికి గోతిలో దిగేవాడికి ఏ రికార్డూ ఉండదు. కాంట్రాక్టర్లు కనీసం ఎవరు, ఏ రోజు, ఏ గోతిలో దిగారో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ కుటుంబానికి అదొక్కటే ఆధారం.

తీసిన ముక్కలు రెండు పొరల పాలిథిన్‌లో తడిగా కట్టి, ఆస్బెస్టాస్ అని రాసి, అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే పంపాలి. మనకు గుమ్మిడిపూండిలో ఉంది. చెట్టు చుట్టూ కంచెగా, గుంత పూడ్చే రాయిగా వాడకండి. పిల్లలు ఆ ముక్కలతో ఆడతారు.

మరమ్మతు గురించి కొన్ని మాటలు. పైపు సైజు 150 అని చెప్పి క్లాంపు కొనకండి. 150 డీఐ (డక్టైల్ ఇనుము) పైపు బయటి వ్యాసం 170 మిల్లీమీటర్లు, పీవీసీది 160, ఏసీది క్లాసును బట్టి మారుతుంది. అదే పైపులో చెక్కి నున్నచేసిన కొసకూ మధ్య భాగానికీ కూడా తేడా ఉంటుంది. టేపు చుట్టి చుట్టుకొలత తీసి 3.14తో భాగించుకుని షాపుకు వెళ్ళండి. అడ్డపగులుకు చుట్టూ పట్టే స్టీలు క్లాంపు, కనీసం 300 మిల్లీమీటర్ల పొడవుది వేయండి. బోల్టులు ఒక్కొక్కటీ పూర్తిగా బిగించకుండా మార్చి మార్చి కొంచెం కొంచెం బిగించండి. మెత్తబడ్డ గోడ మీద మితిమీరి బిగిస్తే క్లాంపే పైపును నలుపుతుంది. నిలువు చీలికకు, గోరుతో గీరితే లేచే గోడకు క్లాంపు వేయడం డబ్బు దండగ, మొత్తం పైపు మార్చాల్సిందే. కొత్త ముక్క కింద రాళ్ళు లేని ఇసుక 100 మిల్లీమీటర్లు పరిచి, పక్కల చేత్తో కుక్కి నింపండి. పగుళ్ళు క్లాంపుకు అటో ఇటో రెండు మీటర్లలో మళ్ళీ రావడానికి కారణం చాలాసార్లు సరిగ్గా నింపని గొయ్యే. బెండు దగ్గర తవ్వేటప్పుడు వెనక కాంక్రీటు దిమ్మ ఉందో చూడండి. ఏసీ జాయింటు లాగుడును పట్టుకోదు. దిమ్మ వెనక మట్టి తీసేసి నీళ్ళు వదిలితే బెండు ఊడి వస్తుంది.

మూసేముందు ఫిట్టింగుల లోపల ఒక శాతం హైపోక్లోరైట్ (క్లోరిన్ ద్రావణం)తో తుడిచి, మురికి పోయేదాకా నీళ్ళు వదిలేయండి. పెద్ద ముక్క మార్చితే లీటరుకు 25 మిల్లీగ్రాముల క్లోరిన్‌తో 24 గంటలు నింపి ఉంచాలి. 150 సైజు లైను 100 మీటర్లలో సుమారు 1,770 లీటర్లు పడతాయి. దానికి 25 శాతం బలం ఉన్న బ్లీచింగ్ పౌడర్ 180 గ్రాములు చాలు. తర్వాత మొత్తం వదిలేసి, మామూలు క్లోరిన్ మోతాదు వచ్చాకే ఇళ్ళకు ఇవ్వండి.

(సభలోంచి: కొత్త లైను వేశాక పాత ఏసీ పైపును తీసేయాలా, అలాగే వదిలేయాలా?)

నేలలో కదలకుండా ఉన్నంతకాలం దానివల్ల దుమ్ము లేదు. తవ్వి తీస్తేనే దుమ్ము. కాబట్టి ఇంటి కనెక్షన్లన్నీ కొత్తదానికి మార్చి, పాతదాని రెండు కొసలూ కాంక్రీటుతో మూసి, అలాగే వదిలేయడమే మంచిది. పాత పైపును లోపలినుంచి పగలగొట్టి అదే దారిలో కొత్తది లాగే పద్ధతి చూపించి కొందరు తక్కువ ధర చెప్తారు. దానివల్ల పెంకులన్నీ మట్టిలో కలిసిపోతాయి, తర్వాత అక్కడ తవ్వే ప్రతివాడూ వాటిని పొడిగా ఎత్తుతాడు. వదిలేసే లైను మాత్రం మ్యాపులో ఎర్ర గీతతో గీయండి. రోడ్డు అంచు నుంచి దూరం, లోతు, ఏసీ అన్న మాట రాయండి. ఇరవై ఏళ్ళ తర్వాత అక్కడ గునపం వేసే కుర్రాడు ఆ గీత చూశాకే గొయ్యిలో దిగాలి.